తెలిసిన పనియా, క్రొత్త కల్పనయా?

ఒంటిమిట్టలో నొక వేసవి మధ్యాహ్నమున నాకు చల్లని నీరిచ్చిరి. పెరటిలో తొట్టి, దానిలో మరియొక తొట్టి, రెంటి నడుమ వరియూక. ఎండవేడి లోపలి నీటికి సోకకుండుట కది యేర్పాటు. “అయ్యా, దీనికి పేటెంటు వచ్చునా?” అని యింటిపెద్ద యడిగెను.

మన దేశమున తొలి పేటెంటు చట్టము 1856లో పుట్టినది. పిమ్మట 1911 చట్టమును, తరువాత 1970 చట్టమును వచ్చినవి. క్రొత్త కల్పనను వెల్లడించినవానికి కొంతకాలము దానిపై ప్రత్యేకాధికార మిచ్చుటయే పేటెంటు. నేడా గడువు 20 ఏండ్లు. నలుగురెరిగిన పనికి నట్టి యధికారమిచ్చినచో, తాతలనాటి పని చేసికొనువాడు సైతము పేటెంటును మీరినవాడగును.

లోహపాత్రలను తరిమెన పట్టునపుడు కదలకుండ నిలుపు సాధనమునకు 1951లో నొక పేటెంటు లభించెను. 1978 డిసెంబరు 13న సుప్రీంకోర్టు, అది పాత పనిముట్టునకు చిన్న మార్పే గాని కల్పన గాదని తీర్పు చెప్పెను. అందలి పరీక్ష యిది: ఆ వృత్తి నెరిగిన పనివాడు, ఆ కల్పనను చూడకయే, అప్పటికి లోక మెరిగినదానినిబట్టి తనంతట ఆ మార్గము పట్టునా? పట్టునేని యది తేటతెల్లము. ఇచట నొక జాగ్రత్త వలయును. విప్పిన పొడుపుకథ యెల్లరకు సులభమే. విప్పకమునుపటి చోట నిలిచి తీర్పు చెప్పవలెను.

మంచుగడ్డ కరగకుండ ఊకలో దాచుట పల్లెలెరిగినదే. దానినే రెండు తొట్ల నడుమ నింపుట యే మేస్త్రికైనను తోచును. కావున రాదంటిని. 1892లో జేమ్సు డ్యూవరు పండితుడు గాజుపాత్ర రెండుగోడల నడుమ నేమియు నింపక, ఉన్న గాలినే తీసివేసెను. అందరు నింపుట తలపగా నతడు ఖాళీచేయుట తలచెను. నా దృష్టిలో నది కల్పన. అతడు పేటెంటు కోరలేదు. 1904లో జర్మనీవారు దానిని థర్మాసు పేర నమ్మకమునకు తెచ్చిరి.

ఇంటిపెద్ద ముఖము చిన్నబోయెను. “రేపు పరాయివా డెవడైన నీ తొట్టి తనదనినచో, ఈ న్యాయమే నిన్ను కాచును,” అంటిని. అయితే సాక్ష్యము కావలెను. మన కడప సీమలోని పోరుమామిళ్ల చెరువు శాసనము 1369 నాటిది. చెరువునకు కావలసిన 12 అంగములను, 6 దోషములను రాతిపై చెక్కించిరి. అది నేటికిని సాక్ష్యమే. మీ యూరి పనితనమును మీరును తేదీతో వ్రాసి యుంచుడు.