అయస్కాంత ప్రేరణ

అయస్కాంత ప్రేరణ అనగా అయస్కాంత క్షేత్రంలోని ఒక బిందువు వద్ద క్షేత్ర బలాన్ని, దిశను తెలిపే సదిశ రాశి. క్షేత్రానికి లంబంగా ఉన్న ప్రమాణ వైశాల్యం గుండా పోయే అభివాహానికి ఇది సమానం. కావున దీనిని అయస్కాంత అభివాహ సాంద్రత అని కూడా అంటారు. దీనిని 'బి' అనే అక్షరంతో సూచిస్తారు. అభివాహం మారినప్పుడు విద్యుత్తు పుట్టే విద్యుదయస్కాంత ప్రేరణ దీనికి సంబంధించినదే అయినా, అది వేరొక దృగ్విషయం.

ప్రమాణాలు

ఎస్.ఐ. పద్ధతిలో దీని ప్రమాణం టెస్లా. ఒక టెస్లా అనగా చదరపు మీటరుకు ఒక వెబర్. ఇది 10,000 గాస్‌లకు సమానం. భూమి ఉపరితలంపై భూ అయస్కాంత క్షేత్రపు ప్రేరణ సుమారు 25 నుండి 65 మైక్రోటెస్లాల వరకు ఉంటుంది. ఆసుపత్రులలోని ఎం.ఆర్.ఐ. యంత్రాలలో సాధారణంగా 1.5 లేదా 3 టెస్లాల ప్రేరణ ఉంటుంది.

బి, హెచ్‌ల మధ్య భేదం

విద్యార్థులు తరచుగా ఈ రెండు రాశులను ఒకటిగా భావిస్తారు. 'హెచ్' అనునది అయస్కాంతీకరణ క్షేత్ర తీవ్రత. దీని ప్రమాణం మీటరుకు ఆంపియర్. వలయాకారంలో చుట్టిన తీగచుట్టలో మీటరు పొడవుకు 1,000 చుట్లు ఉండి, 1 ఆంపియర్ విద్యుత్తు ప్రవహిస్తున్నదనుకొందాం. అప్పుడు హెచ్ విలువ మీటరుకు 1,000 ఆంపియర్లు. లోపల గాలి మాత్రమే ఉంటే బి విలువ సుమారు 1.26 మిల్లీటెస్లాలు. అదే తీగచుట్టను మెత్తని ఇనుప వలయంపై చుట్టితే హెచ్ మారదు, కానీ బి ఒక టెస్లాను మించగలదు. ఈ పెరుగుదలకు కారణం ఇనుములో ఏర్పడిన అయస్కాంతీకరణ (ఎం). ఈ మూడు రాశుల మధ్య సంబంధం:

బి = మ్యూ₀ (హెచ్ + ఎం)

ఇందులో మ్యూ₀ శూన్యపు ప్రవేశ్యశీలత.

పదార్థాలపై ప్రభావం

* డయా అయస్కాంత పదార్థాలు: బిస్మత్, రాగి, నీరు మొదలైనవి. ఇవి క్షేత్రానికి వ్యతిరేక దిశలో స్వల్పంగా అయస్కాంతీకరణ చెందుతాయి.
* పారా అయస్కాంత పదార్థాలు: అల్యూమినియం, ప్లాటినం, ఆక్సిజన్ మొదలైనవి. ఇవి క్షేత్ర దిశలోనే స్వల్పంగా అయస్కాంతీకరణ చెందుతాయి.
* ఫెర్రో అయస్కాంత పదార్థాలు: ఇనుము, కోబాల్టు, నికెల్ మొదలైనవి. వీటిలోని డొమైన్లు క్షేత్ర దిశకు మళ్ళడం వలన ప్రేరణ ఎన్నో రెట్లు పెరుగుతుంది. డొమైన్లన్నీ మళ్ళిన పిదప పదార్థం సంతృప్త స్థితిని చేరుతుంది. ఇనుమును సుమారు 770 డిగ్రీల సెల్సియస్‌కు మించి వేడిచేస్తే అది ఫెర్రో అయస్కాంత ధర్మాన్ని కోల్పోతుంది. దీనిని క్యూరీ ఉష్ణోగ్రత అంటారు.

శక్తి నష్టాలు

ఫెర్రో అయస్కాంత పదార్థంలో హెచ్‌ను శూన్యం చేసినా బి పూర్తిగా శూన్యం కాదు. ఈ వెనుకబాటును హిస్టరిసిస్ అంటారు. బి, హెచ్‌ల మధ్య గీసిన హిస్టరిసిస్ వలయపు వైశాల్యం, ప్రతి ఆవర్తంలోను ప్రమాణ ఘనపరిమాణంలో ఉష్ణంగా నష్టమయ్యే శక్తిని తెలుపుతుంది. మన దేశంలో విద్యుత్తు పౌనఃపున్యం 50 హెర్ట్‌జ్ కావున ట్రాన్స్‌ఫార్మర్ కోర్‌లో ఈ నష్టం సెకనుకు 50 సార్లు జరుగుతుంది. అందుచేత కోర్‌కు వలయ వైశాల్యం తక్కువగా ఉండే సిలికాన్ ఉక్కును వాడుతారు. శాశ్వత అయస్కాంతాలకు దీనికి భిన్నంగా వెడల్పైన వలయం గల పదార్థాలే అనువైనవి.

మారే అభివాహం కోర్‌లోనే ఎడ్డీ ప్రవాహాలను కూడా పుట్టిస్తుంది. వీటిని తగ్గించుటకు కోర్‌ను ఒకే దిమ్మగా గాక, విద్యుద్బంధక పూత గల పలుచని రేకులతో కూర్చుతారు. ఇండక్షన్ పొయ్యిలో మాత్రం ఈ ప్రవాహాల ఉష్ణమే మనకు ఉపయోగం.

అయస్కాంతీకరణ వలన ఇనుము పొడవు అతిస్వల్పంగా మారుతుందని జేమ్స్ జౌల్ 1842లో కనుగొన్నాడు. వీధిలోని ట్రాన్స్‌ఫార్మర్ గుయ్‌మని మ్రోగడానికి ప్రధాన కారణం ఇదే. పొడవులోని ఈ మార్పు క్షేత్ర దిశపై ఆధారపడదు. కావున ఆ ధ్వని ముఖ్య పౌనఃపున్యం 50 కాక 100 హెర్ట్‌జ్.

జాగ్రత్తలు

ఎం.ఆర్.ఐ. యంత్రాలలో అధిక భాగం అతివాహక అయస్కాంతాలతో పనిచేస్తాయి. వీటి క్షేత్రం పరీక్ష జరగని సమయంలో కూడా ఉంటుంది. ఇనుప వస్తువుపై పనిచేసే ఆకర్షణ, ప్రేరణ విలువతో పాటు అది దూరంతో ఎంత వేగంగా మారుతున్నదనే అంశంపై కూడా ఆధారపడుతుంది. కావున యంత్రపు ముఖద్వారం వద్ద ఆకర్షణ ఒక్కసారిగా పెరిగి, ఉక్కు ఆక్సిజన్ సిలిండరు వంటి బరువైన వస్తువు కూడా ఎగిరివచ్చి ప్రాణాపాయం కలిగించగలదు. ఈ కారణం చేతనే ఆ గదిలోనికి అటువంటి వస్తువులను అనుమతించరు. శరీరంలో పేస్‌మేకర్ వంటి పరికరాలు ఉన్నవారు ఆ విషయాన్ని ముందుగానే సిబ్బందికి తెలియజేయాలి.