పరదేశమున తొలి వాక్యము

ఒక భాషను నేర్పు వాచకమున మొదటి వాక్యమేదియో చూచినచో, దానిని వ్రాయించినవారి యుద్దేశము చాలవఱకు తెలిసిపోవును. ఇరువది యేండ్లుగా వాచకములను చేతబట్టుకొని తిరుగుచున్నవారము గనుక ఈ మాట మేము జంకులేక చెప్పగలము. అక్షరములు నేర్పువాడు వానితోబాటు తన యిష్టములను, తన భయములను గూడ నేర్పును. పసిపిల్లల విషయముననే యిట్లున్నది గదా! పెండ్లియాడి బిడ్డలనుగన్న స్త్రీ పరదేశము చేరి, అచ్చటి భాషను మొదటినుండి నేర్వవలసి వచ్చినచో, ఆమెచేత మొట్టమొదట ఏమి పలికింపవలెను? అమెరికా సంయుక్త రాష్ట్రములలో నూఱేండ్లకు పూర్వము ఈ ప్రశ్నకు పలువురు పలు విధముల సమాధానములు చెప్పిరి. ఆ సమాధానములలోని భేదమే ఈ వ్యాసమునకు విషయము.

1880 మొదలు 1924 వఱకు రెండు కోట్లకు మించిన జనులు ఓడలెక్కి ఆ దేశము చేరిరి. ఇటలీ పల్లెల రైతులు, పోలండు కూలీలు, రష్యా చక్రవర్తి యేలుబడిలో బాధలు పడలేక వచ్చిన యూదులు వారిలో మెండుగా నుండిరి. పురుషుడు పనిలో జేరి నాలుగు మాటలు పట్టుకొనెడివాడు. బిడ్డలు బడికిబోయి కొలదికాలములోనే ఆ దేశపు బిడ్డలవలె మాటలాడెడివారు. ఇంటనున్న తల్లికి మాత్రము ఆ భాష గోడకావలి సందడియే. నోరు మంచిదైన ఊరు మంచిదగునని మనవారందురు. ఆ ఊరి భాషయే రానప్పుడు నోరెంత మంచిదైన నేమి?

ఆ తల్లిని గూర్చి ప్రభుత్వము చిరకాలము తలపెట్టలేదు. దానికి కారణము చట్టములోనే కలదు. 1855 నాటి చట్టము ప్రకారము భర్త పౌరుడైనచో భార్యయు తోడనే పౌరురాలగుచుండెను. 1906లో పౌరసత్వము కోరువారు ఆంగ్లము మాటలాడగలుగవలెనని మఱియొక చట్టము విధించెను గాని, ఆ పరీక్షకు నిలువవలసినవాడు భర్తయే. భార్యకు పరీక్ష లేదు గనుక పాఠమును లేకపోయెను. స్త్రీకి కష్టము తప్పించుచున్నామని చెప్పుకొను ఏర్పాటులు కొన్ని ఆమెను మూగదానిగా నుంచుటకే ఉపకరించునని దీనివలన తెలియుచున్నది. 1920లో స్త్రీలకు వోటుహక్కు దేశమంతటను లభించెను. 1922 సెప్టెంబరులో వచ్చిన కేబులు చట్టము భార్య పౌరసత్వమును భర్త పౌరసత్వమునుండి విడదీసెను. నాటినుండి వలసవచ్చిన భార్య తానే అర్జీ పెట్టుకొని, తానే న్యాయాధికారి యెదుట నిలిచి, తానే ఆంగ్లమున బదులు చెప్పవలసినదయ్యెను. మన దేశస్థుల కీ భాగ్యము కూడ లేదు. 1923లో భగత్ సింగ్ థిండ్ వ్యాజ్యమున అచ్చటి అత్యున్నత న్యాయస్థానము భారతీయులు పౌరసత్వమున కనర్హులని తీర్పు చెప్పెను. ఆ యడ్డు 1946 వఱకు తొలగలేదు.

చట్టము మేలుకొనకముందే స్త్రీలు మేలుకొనిరి. క్లారా లెమ్లిచ్ అను నామె కథ ఇందులకు నిదర్శనము. ఆమె 1886లో ఉక్రెయిన్ లోని గొరొడొక్ అను ఊర యూదుల యింట జన్మించెను. రష్యను పాఠశాలలు యూదుబిడ్డలను చేర్చుకొనకుండుటచే ఆగ్రహించిన తండ్రి, తన యింట రష్యనుభాష వినబడరాదని శాసించెను. ఆ పిల్ల ఊరకుండలేదు. రహస్యముగా రష్యను నేర్చుకొనెను. గుండీల కాజాలు కుట్టియు, చదువురాని తల్లులకు అమెరికాలోని బిడ్డల పేర ఉత్తరములు వ్రాసిపెట్టియు సంపాదించిన డబ్బుతో పుస్తకములు కొనెను. తండ్రి వానిని కనిపెట్టి కాల్చివైచెను. ఆమె మరల కొనసాగెను. 1903లో కిషినేవ్ పట్టణమున యూదులపై జరిగిన మారణకాండ తరువాత ఆ కుటుంబము న్యూయార్కు చేరెను. అచ్చట ఆమె రవికెలు కుట్టు కర్మాగారమున పనికి గుదురుకొని, పని ముగిసిన పిదప గ్రంథాలయమునకు పోయి చదువుకొనుచుండెను.

1909 నవంబరు 22వ తేదీన కూపర్ యూనియన్ సభాభవనమున కుట్టుపనివారి పెద్దసభ జరిగెను. నాయకులు గంటలకొలది ఉపన్యసించిరి గాని, చేయవలసినదేమియో ఒక్కరును తేల్చలేదు. అంతట ఇరువది మూడేండ్ల క్లారా వేదికనెక్కి, ఇక మాటలు చాలును, సమ్మె కట్టుదమని ప్రతిపాదించెను. కొలది దినములలో ఇంచుమించు 20,000 మంది పని మానిరి. వారిలో అత్యధికులు యువతులు. పాఠకులు గమనింపవలసిన విషయమొకటి కలదు. ఆమె నాడు మాటలాడినది ఆంగ్లముగాదు. తన యింటిభాషయగు ఇడ్డిషులోనే మాటలాడెను. పరభాష నేర్పినగాని స్త్రీకి ధైర్యము రాదని తలచువారు ఈ సంగతి మఱువరాదు. ధైర్యము ఆమెకు ముందే కలదు. తండ్రి పుస్తకములు కాల్చిననాడే అది తేలిపోయినది.

అట్లైనచో ఆంగ్లమెందులకు? ఆ సమ్మెయే దీనికి బదులు చెప్పుచున్నది. ఇడ్డిషులో చెప్పిన మాట యూదు యువతులను కదల్చెను గాని, ప్రక్క యంత్రము కడ కూర్చున్న ఇటలీ యువతి చెవి కెక్కలేదు. సమ్మెలో జేరిన ఇటలీ స్త్రీలు కొలదిమందియే. సమ్మె విఱచుటకు యజమానులు వారినే వినియోగించుకొన జూచిరి. ఒకే గదిలో ఒకే బట్ట కుట్టుచు, ఒకరి కష్టమొకరికి చెప్పుకొనలేని స్థితి యది. ఆంగ్లము వారికి దొరలభాషగా గాక, ప్రక్కమనిషి భాషగా కావలసివచ్చెను.

ఈ యవసరమును స్త్రీ కార్మిక సమాజము వారు గుర్తించిరి. న్యూయార్కు శాఖవారు వలసవచ్చిన యువతులకు ఆంగ్లపాఠములు చెప్పించి, 1912 ప్రాంతమున వయొలెట్ పైక్ అను నామెచేత ప్రత్యేకముగ పాఠములు వ్రాయించిరి. పని యెన్ని గంటలకు మొదలగును, మధ్యాహ్నభోజనమునకు విరామమెంత, ప్రొద్దుపోయినదాక పనిచేయించి అదనపు కూలి యేల యీయరు, సూదులకు దారమునకు డబ్బు పనిదాని కూలినుండియే యేల పోవలెను: ఇవియే ఆ పాఠములలోని సంగతులు. ఇంచుమించు ఆ కాలముననే షికాగోలో వ్యవసాయ యంత్రములుచేయు ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కంపెనీ తన కూలీలకు వేఱు పాఠములు వ్రాయించెను. అందు మొదట నేర్పినది కూత వినబడగానే త్వరపడి పనిలోనికి పోవలెనని, మరల కూత కూయువఱకు పని విడువరాదని. భాష ఒక్కటే, వ్యాకరణమొక్కటే, క్రియాపదములు గూడ చాలవఱకు అవియే. ఒక వాచకము చదివినవాడు కూతకు బదులు పలుకును. రెండవది చదివిన యువతి కూలి లెక్క అడుగును. ఈ రెండు వాచకములను ప్రక్కప్రక్కన నుంచి చదివించినచో మా ఉపాధ్యాయశిక్షణ పాఠశాలలలో భాషాబోధనను గూర్చి ఒక సంవత్సరము చెప్పు పాఠములు మిగులునని మాకు తోచుచున్నది. 1917లో స్త్రీల దుస్తులు కుట్టువారి సంఘము న్యూయార్కు బడులలోనే సాయంకాల విద్యాకేంద్రములు తెఱచి, అచ్చట ఆంగ్లమునకే ప్రథమస్థాన మిచ్చెను.

పనికి పోవు యువతి సాయంకాలము తరగతికి రాగలదు. చంకలో బిడ్డ, పొయ్యిమీద కుండ ఉన్న తల్లి రాలేదు. ఆమె కొఱకు కాలిఫోర్నియా రాష్ట్రమువారు 1915లో గృహోపాధ్యాయినీ చట్టము చేసిరి. దీనికై మిక్కిలి పాటుపడినది మేరీ గిబ్సన్ అను నామె. తల్లి బడికి రాలేనిచో బడియే తల్లికడకు పోవలెననుట మెచ్చదగిన యోచన. అయితే ఇంటింటికి పోయిన ఉపాధ్యాయినులు ఏమి నేర్పిరి? 1918లో ప్రకటితమైన స్త్రీల వాచకము ఇంటిపనుల చుట్టును అల్లినది. మనదేశమునను ఆడుదానికి చాకలిపద్దు వ్రాయగల చదువు చాలునను పెద్దలు లేకపోలేదు గనుక, ఈ వాచకమును చూచి మన మంతగా ఆశ్చర్యపడ నక్కఱలేదు. శుభ్రతను నేర్పుట చెడుగాదు. కాని ఆ తల్లులు, ముఖ్యముగా మెక్సికో స్త్రీలు, తమ యిండ్లు మురికివని, తమ వంట తక్కువదని ప్రతి పాఠమునను వినుచుండిరి. పెరల్ ఎల్లిస్ అను నామె 1929లో వ్రాసిన గ్రంథమున, ఉత్త రొట్టె చుట్టతో బడికి వచ్చు మెక్సికో బిడ్డకు ఆకలి తీరక తోడిబిడ్డల యన్నము దొంగిలించుననియు, దొంగతనమునకు అదియే మొదటి మెట్టనియు సూచించెను. జొన్నరొట్టె తిన్న బిడ్డ దొంగయగునని మన పాలమూరు తల్లితో నెవరైన చెప్పినచో, ఆమె ఆ ఉపాధ్యాయిని మరల గడప త్రొక్కనిచ్చునా? గడప త్రొక్కనీయకుండుటకు గూడ రెండు ఆంగ్లవాక్యములు కావలెను. అవి ఆ వాచకములో లేవు.

తల్లికి ఇంకొక దెబ్బ స్వంత యింటిలోనే తగులుచుండెను. షికాగోలో 1889లో జేన్ ఆడమ్స్, ఎల్లెన్ గేట్స్ స్టార్ అను నిరువురు హల్ హౌస్ అను సేవాగృహము నెలకొల్పిరి. అచ్చట ఆంగ్ల తరగతులు, శిశువిహారము, వంట తరగతులు జరుగుచుండెను. ఆడమ్స్ ఒక సంగతి వ్రాసినది. ఇటలీనుండి వచ్చిన యొక బాలిక శనివారము సాయంకాలములు వంట నేర్చుకొనుటకు వచ్చుచుండెను. ఆమె తల్లియు అదే భవనమునకు వచ్చెడిది. తలగుడ్డ, పొట్టిపావడ, ఆంగ్లము రాని నోరు. ఆ తల్లి బిడ్డనని తెలియకుండుటకై బాలిక వేఱు ద్వారమున లోనికి పోవుచుండెను.

ఆడమ్స్ చేసినదేమి? ఆమె 1900లో ఆ గృహముననే చేతిపనుల ప్రదర్శనశాల నేర్పాటుచేసి, తల్లులచేత వారివారి దేశపద్ధతుల ప్రకారము నూలు వడికించెను, బట్టలు నేయించెను. ఒకనాడు ఆ బాలిక లోనికి వచ్చునప్పటికి, శిక్షణ కళాశాలనుండి వచ్చినవారు తన తల్లి చుట్టును మూగి, ఆమె కదురు త్రిప్పు నేర్పునకు అబ్బురపడుచుండిరి. ఇది నిజమా యని బాలిక అడుగగా, ఈ తీరున వడుకుటలో మీ తల్లికి ఈ దేశమున సాటిలేదని చెప్పిరి. అటుపిమ్మట బాలిక మంచముక్రింది పెట్టెలోని చేనేత బట్టలను తల్లి పైకి తీయుట కొప్పుకొనెను. తల్లితోగూడ ఒకే ద్వారమున వచ్చుచుండెను. కదురును, రాట్నమును ఎఱిగిన మనకు ఈ సంగతి బోధపడుటకు వ్యాఖ్యానము వలదు. ఈ యొక్క బాలికకు జరిగిన మేలువలన పట్టణమంతయు మాఱినదని మేము చెప్పబోము. కాని ఆంగ్ల తరగతికి ప్రక్కగదిలో కదురుకు చోటిచ్చిన ఆడమ్స్ గారికి, రొట్టెను దూషించిన ఉపాధ్యాయినికి గల యంతరము చిన్నదిగాదు.

1924లో అమెరికా తన తలుపులు చాలవఱకు మూసివైచెను. రెండవ ప్రపంచయుద్ధము తరువాత ఇవే ప్రశ్నలు ఇంగ్లండులో తలయెత్తెను. ఈ సారి వలసవచ్చినవారిలో మన దేశపు స్త్రీలును ఉండిరి. పంజాబు, గుజరాతు, బంగాళము నుండియు, 1972లో ఉగాండానుండి వెడలగొట్టబడియు వారు వచ్చిరి. వైద్యుని కడ తన స్త్రీవ్యాధిని ఎనిమిదేండ్ల కొడుకు నోట చెప్పించుకొనవలసి వచ్చిన తల్లి దురవస్థను పాఠకులు ఊహింపవచ్చును. చెప్పలేక దాచుకొన్నది కొంత, చెప్పబడినను బిడ్డకు అర్థముగానిది కొంత. భాష లేమి శరీరమును గూడ కష్టపెట్టును.

ఉత్తర లండనులో వీరికై పాటుపడినవారిలో రూత్ హేమన్ ఒకరు. ఆమె దక్షిణాఫ్రికాలో న్యాయవాది. జాతివివక్ష ప్రభుత్వము తనను నిర్బంధింపగా 1968లో ఇంగ్లండు చేరెను. నోరు మూయించుట యేమియో ఎఱిగినది గనుకనే కాబోలు, నోరు రానివారి ప్రక్కన కూర్చుండెను. ఆమె నెలకొల్పిన ఇరుగుపొరుగు ఆంగ్ల తరగతులు పరీక్షకై గాక, వైద్యుని కడ, బడి పంతులు కడ, అంగడిలో పలుకవలసిన మాటకై జరుగుచుండెను. స్వచ్ఛంద సేవికలు ఇండ్లకు పోయియు నేర్పిరి. నలుగురును తప్పు మాటలాడుచోట తప్పునకు సిగ్గుండదు. ఒంటిగా కొడుకు వెనుక నిలిచినప్పుడు పెగలని గొంతు అచ్చట పెగలెను. 1977లో బి.బి.సి. వారు ఆసియా స్త్రీలను ఆంగ్లము నేర్వ బ్రోత్సహించుటకై దూరదర్శనమున పరోసీ యను ధారావాహికను ప్రసారముచేసిరి. మఱుసటి యేడు ఈ ఉపాధ్యాయుల జాతీయసంఘ మేర్పడెను. 1981లో హేమన్ చనిపోయిన పిదప ఆమె పేర నొక ధర్మనిధి నెలకొల్పబడినది. అది ఇచ్చుచు వచ్చినవి గొప్ప విద్యార్థి వేతనములు గావు. ఆంగ్లము మాతృభాష గాని పెద్దలకు తరగతి రుసుము, పరీక్ష రుసుము, తరగతికి పోయివచ్చుటకు బండిచార్జి.