గుడ్డును వదిలిన కేకు, పాలను వదలని కేకు

పుదుచ్చేరికి దక్షిణంగా, ఏటి ఒడ్డున ఉన్న అరియాంకుప్పం పేరు చరిత్ర పుస్తకాలకెక్కింది అరికమేడు పుణ్యమా అనే. 1945లో పురావస్తు శాస్త్రవేత్త మార్టిమర్ వీలర్ అక్కడ జరిపిన తవ్వకాలలో ఆంఫొరాలు, అంటే రెండు చెవులతో, కోసుగా ఉన్న అడుగుతో చేసిన మట్టి జాడీలు, బయటపడి, మధ్యధరా తీరపు ద్రాక్షసారా, ఆలివ్ నూనె రెండు వేల ఏళ్ల క్రితమే ఈ రేవులో దిగేవని తెలిపాయి. పరదేశపు తిండి ఇంత పాత అలవాటైన తీరానికి ఫ్రెంచివారు 1674లో వచ్చి, మధ్యమధ్య ఆంగ్లేయుల చేతికి పోయిన కాలాన్ని మినహాయిస్తే 1954 నవంబరు 1 వరకు పాలించి, రొట్టె కాల్చే పొయ్యినీ దానితోపాటు గుడ్డు, వెన్న మీద నిలిచే మిఠాయి పనినీ నాటి పోయారు. పుదుచ్చేరి క్రైస్తవ కుటుంబాలు క్రిస్మస్‌కు చేసుకునే వివికం కేకు కూడా రవ్వ, వెన్న, గుడ్లు, రమ్ములో నానబెట్టిన ఎండుపళ్లు కలిస్తేనే అవుతుంది.

బ్రౌనీ మాత్రం ఫ్రెంచి సొత్తు కాదు. పొంగడం కంటే చిక్కగా, తడిగా ఉండడమే గుణంగా గల ఈ చాక్లెట్ బిళ్ల 1893 ప్రపంచ ప్రదర్శన వేళ షికాగోలోని పామర్ హౌస్ హోటల్లో పుట్టిందని చెప్పుకుంటారు. ఫానీ ఫార్మర్ వంట పుస్తకపు 1906 ముద్రణలో చాక్లెట్ బ్రౌనీ కనిపిస్తుంది. ఆ కాలపు బ్రౌనీలో గుడ్డు, వెన్న రెండూ ఉండేవి. భారతదేశానికి వచ్చాక ఇలాంటి కేకులలో ముందుగా పోయింది గుడ్డు. శాకాహారి ఇళ్లలో పాలు పవిత్రం, గుడ్డు నిషిద్ధం. 2001లో ఆహార పొట్లాల మీద శాకాహార, మాంసాహార గుర్తులు తప్పనిసరి అయినప్పుడు చట్టం కూడా ఈ గీతనే ఖరారు చేసి, పాలను పచ్చ చుక్క కిందికీ గుడ్డును గోధుమరంగు చుక్క కిందికీ చేర్చింది. గుడ్డు లేని లోటుకు గృహిణులు కనుగొన్న ఉపాయం, డబ్బాలో వచ్చే చిక్కటి తీపి పాలు. మొదట దిగుమతిగా వచ్చి, 1961లో పంజాబులోని మోగాలో వీటి కర్మాగారం మొదలయ్యాక విరివిగా దొరికిన ఈ పాలే గుడ్డు చేసే పనిలో కొంత భాగాన్ని చేసిపెట్టాయి. మన దేశపు గుడ్డులేని కేకు, విచిత్రంగా, మామూలు కేకు కంటే పాల మీద ఎక్కువగా ఆధారపడినది. బేకరీలలో వెన్న స్థానాన్ని 1937లో వచ్చిన డాల్డా వంటి వనస్పతి ఆక్రమించడం వేరే కథ. దానికి కారణం ధరే తప్ప నియమం కాదు.

గుడ్డును, పాలను ఒకేసారి విడిచిపెట్టే దారి మరోచోట పుట్టింది. బర్మింగ్‌హామ్ మందుల వ్యాపారి ఆల్ఫ్రెడ్ బర్డ్ భార్యకు గుడ్డూ పడేది కాదు, రొట్టెను పులియబెట్టే ఈస్టూ పడేది కాదు. ఆమె కోసం ఆయన 1837లో గుడ్డులేని కస్టర్డ్‌ను, 1843లో ఆమ్లం, క్షారం కలిపిన బేకింగ్ పౌడర్‌ను తయారు చేశాడు. మొదటి ప్రపంచ యుద్ధకాలపు కొరతలో అమెరికా ఇల్లాళ్లు పాలు, వెన్న, గుడ్లు లేకుండా కాల్చిన ‘యుద్ధపు కేకు’ ఈ రసాయనం మీదే పొంగింది.

బ్రౌనీకి ఈ పద్ధతి ఒప్పినంతగా స్పాంజి కేకుకు ఒప్పదు. మైదా, కోకో పొడి, చక్కెర, వంటసోడా కలిపిన పొడిలో నూనె, నీళ్లు, చెంచాడు వెనిగర్ పోయగానే పిండిలో సన్నని బుడగలు లేస్తాయి. ఆ బుడగలు ఉన్నంతలోనే పళ్లాన్ని పొయ్యిలోకి పంపాలి. క్షారంతో శుద్ధిచేసిన కోకో పొడిలో సహజమైన పులుపు ఉండదు గనుక వెనిగర్ మానేస్తే సోడా పని చేయక సబ్బు రుచి మిగులుతుంది. అసలు బ్రౌనీ మీద కనిపించే, పలచగా పగిలే మెరుపు పొర గుడ్డు తెల్లసొన, చక్కెర కలయిక వల్ల ఏర్పడేది; ఆ ఒక్కటి ఇందులో సులభంగా రాదు. వెన్నకు బదులు పోసే కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల వద్దే కరుగుతుంది కాబట్టి అరియాంకుప్పం వేడికి ఏడాదిలో ఎక్కువ కాలం ద్రవంగానే ఉంటుంది. బ్రౌనీకి ఎటూ కరిగించిన వెన్నే వాడతారు గనుక ఇక్కడ అది లోటు కాదు.

పశువుల నుంచి వచ్చే ఏ పదార్థాన్నీ ముట్టని నియమానికి ‘వీగన్’ అనే పేరు 1944లో ఇంగ్లండులో స్థిరపడింది. పుదుచ్చేరికి ఉత్తరంగా 1968లో వెలసిన ఆరోవిల్‌లో ఆ నియమం పాటించేవారు చాలాకాలంగా ఉన్నారు; అక్కడ 2014లో మొదలైన మేసన్ అండ్ కో, కోకో గింజల నుంచి పాలులేని చాక్లెట్ చేస్తున్నది. పుదుచ్చేరి పాలనలోనే ఉన్న తెలుగు యానాం చుట్టుపక్కల గోదావరి జిల్లాలలో కొబ్బరి, పామాయిల్ తోటల నీడన కోకో పండుతుంది. దేశపు కోకో ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం. తూర్పు తీరంలోనే కోకో, కొబ్బరి రెండూ ఉండగా వెన్న కోసం వెతకవలసిన అవసరం ఈ తీరానికి లేదు.

ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2022లో వీగన్ ఆహారానికి ప్రత్యేక నియమాలు, గుర్తు ఏర్పరచింది. కనుక పాలు పడనివారు బేకరీ డబ్బా మీద పచ్చ చుక్కనో, గుడ్డు లేదన్న మాటనో చూసి నిశ్చింతపడకుండా, ఆ వీగన్ గుర్తు ఉందో లేదో చూసుకుని, లేకపోతే దినుసుల పట్టీలో పాలపొడి వంటి పాల పదార్థాల పేర్లను వెతకాలి.