దేశమంతటికి టీకాలు వేసిన కథ

ఉగాది నాడు పంచాంగ శ్రవణములో రాజెవరు, మంత్రి ఎవరు, వానలెన్ని, పంటలెట్లు అని వినుటతో పాటు ఆ యేడు రోగబాధ ఎట్లుండునో కూడ వినుట మన ఆచారము. విని భయపడువారు కొందరు, నవ్వి ఊరకుండువారు కొందరు. రోగము వచ్చునని ముందే తెలిసినను, ఎవరికి ఎప్పుడు ఎక్కడ మందు అందవలెనో లెక్క వేసి పెట్టువారు లేనిచో తెలిసి ఫలమేమి? ఆ లెక్క వేయుట ప్రభుత్వము పని. మన దేశములో ఆ లెక్కను ఎవరెవరు ఎట్లు వేసినారో, అది ఎక్కడెక్కడ తప్పినదో పాఠకులకు కొంత మనవి చేయదలచినాము.

రాయచూరు వారికి ఇది పరుల గొడవ కాదు. బొంబాయి వైపు నుండి వచ్చిన జి.ఐ.పి. రైలుదారియు, మద్రాసు వైపు నుండి వచ్చిన మద్రాసు రైల్వే దారియు 1871లో కలిసికొన్నది ఈ ఊరిలోనే. అప్పటికి ఇది నిజాము రాజ్యము. ఆనాటి నుండి బొంబాయిలో బయలుదేరి ఈ దారిని మద్రాసు పోవునది ఏదైనను, సరుకు గాని, వార్త గాని, జబ్బు గాని, మన ప్లాట్‌ఫారము మీదుగా పోవలసినదే.

మన దేశములో మశూచికి గోవు టీకా మొదట పడినది 1802 జూన్ 14న, బొంబాయిలో, మూడేండ్ల పిల్లకు. ఆ మందు బాగ్దాదు, బస్రాల మీదుగా వచ్చినది. సీసాలో ఉంచిన చెడిపోవును గనుక, ఒక బిడ్డ చేతి పొక్కు నుండి రసము తీసి మరియొక బిడ్డ చేతికి, అక్కడినుండి వేరొకరికి, ఇట్లు చేతి నుండి చేతికి సాగించినారు. ఐసు పెట్టెలు లేని కాలములో బిడ్డలే పెట్టెలు! గొలుసులో ఒక్క బిడ్డ తప్పినను మందు అక్కడితో ఆగిపోవును. 1805లో థామస్ హిక్కీ అను చిత్రకారుడు వేసిన మైసూరు రాణుల పటమును టీకా ప్రచారము కొరకే వేయించినారని కొందరు చరిత్రకారుల అభిప్రాయము. రాణివాసమే చేయి చాపినదని తెలిసిన ప్రజలు వెనుదీయరని ఆనాటివారు ఎంచి యుండవచ్చును. అనగా మందు చేరవేయుటయే గాక, జనులను ఒప్పించుట కూడ పథకములో భాగమేనని అప్పటికే తెలిసినదన్నమాట.

తరువాత 1896లో బొంబాయిలో ప్లేగు పుట్టినది. 1897 జనవరి 10న హాఫ్కిన్ అను శాస్త్రజ్ఞుడు తాను చేసిన ప్లేగు టీకాను ముందు తన ఒంటికే వేసికొని చూచినాడు. ఆ సంవత్సరమే ప్రభుత్వము అంటువ్యాధుల చట్టము చేసినది. అందులో రైలు ప్రయాణికులను పరీక్షించుటకు, జబ్బు అనుమానమున్నవారిని వేరుగా ఉంచుటకు అధికారము స్పష్టముగా వ్రాయబడియున్నది. చట్టము చేసినవారికి రోగము ఏ దారిన పోవునో బాగుగా తెలియును! అది బ్రిటిషు ఇండియాకు చేసిన చట్టమైనను, రైలుపెట్టె ఎక్కిన జబ్బుకు నిజాము సరిహద్దు అడ్డమా? మనకు పడమటనున్న హుబ్బళ్ళిలో 1898లో ప్లేగు టీకాలు వేల సంఖ్యలో వేసినారు.

అయితే పంజాబులో మాల్కోవాల్ అను గ్రామమున 1902 అక్టోబరు 30న జరిగినది వేరు. ఆనాడు టీకా వేయించుకొన్నవారు 107 మంది. వారిలో ఒకే సీసాలోని మందు పడిన 19 మంది ధనుర్వాతముతో చనిపోయినారు. నింద అంతయు హాఫ్కిన్ మీద పడి, ఆయన ఉద్యోగము పోయినది. సీసా తెరచునప్పుడు నేల మీద పడిన పట్టుకారును సరిగా శుద్ధి చేయకనే వాడినారనియు, దోషము ప్రయోగశాలలో గాక పల్లెలోనే జరిగినదనియు తేలి, 1907 నాటికి గాని ఆయనకు ఆ నింద తప్పలేదు. ఈ లోపల ప్రజలకు కలిగిన భయము ఎవరు తీర్చగలరు? లక్షల లెక్కన టీకాలు వేయవలెనని కాగితము మీద నిర్ణయించినవారు, ఒక్క సీసా మూత ఎట్లు తీయవలెనో అంత గట్టిగా నిర్ణయింపలేదు.

స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట 1948లో క్షయకు బి.సి.జి. టీకా పని మన రాయలసీమలోని మదనపల్లె వంటి చోట్ల ఆరంభమై, 1951 నుండి దేశవ్యాప్తముగా సాగినది. రాజాజీ అంతటి పెద్దమనిషి 1955లో దానిని బాహాటముగా వ్యతిరేకించినారు. ప్రశ్నించినవారందరు మూఢులు కారని చెప్పుటకే ఈ మాట వ్రాసినాము.

మశూచి నిర్మూలనకు జాతీయ కార్యక్రమము 1962లో మొదలైనది. మూడేండ్లలో నూటికి 80 మందికి టీకా వేయవలెనని లక్ష్యము. నెల నెల పట్టికలు పోయినవి, అంకెలు పెరిగినవి, రోగము మాత్రము తగ్గలేదు. కారణము గుమాస్తా పని తెలిసినవారికి సులువుగానే అర్థమగును. లెక్క వేసినది టీకాలను, మనుష్యులను కాదు. బడిలో వరుసగా దొరకు పిల్లలకే మరల మరల టీకా వేసిన అంకె పెరుగును. పొత్తిళ్ళలోని పసిబిడ్డ, కూలికి ఊళ్ళు తిరుగువాడు, ఊరి చివరి గుడిసెలోని ముసలిది ఆ పట్టికలో లేకుండగనే మిగిలిపోయినారు. 1967 తరువాత పద్ధతి మారినది. రోగి ఎక్కడున్నాడో ఇల్లిల్లు వెదకి, అతని చుట్టుపట్ల అందరికి టీకా వేయుటకు పూనుకొన్నారు. 1973లో ఈ వెదకుట ఉద్ధృతమైనది. అయినను 1974లో దేశములో సుమారు 1,88,000 మందికి మశూచి సోకి, 31,000కు పైగా చనిపోయినారు. ఆ యేడు టాటానగర్ నుండి రైళ్ళలో పోయినవారి వలన జబ్బు ఎన్నో చోట్లకు పాకినది. టీకా వేయించుకొననిదే ఊరు కదలరాదని అక్కడ కట్టడి చేయవలసి వచ్చినది. టికెట్టు కిటికీకిని టీకాకును ఇంత దగ్గర సంబంధమున్నదని మన రైల్వేవారిలో ఎందరికి తెలియునో! 1975 మే నెలతో మన దేశమున మశూచి కథ ముగిసినది. 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ లోకమంతటా అది అంతరించినదని ప్రకటించినది.

ఇక కోవిడ్. మన దేశములో దాని వలన మొదటి మరణము 2020 మార్చిలో కలబురగి నివాసికి కలిగినది. అది మనకు ఉత్తరమున, ఇదే రైలుదారిలోని ఊరు. 1897 నాటి చట్టమునే మరల బయటికి తీసినారు. 2020 ఆగస్టులో, ఇంకను టీకా ఏదియు సిద్ధము కాకమునుపే, కేంద్రప్రభుత్వము డాక్టర్ వి.కె. పాల్ అధ్యక్షతన ఒక నిపుణుల సంఘమును వేసి, ఎవరికి ముందు, ఎవరికి వెనుక, మందు ఎట్లు నిల్వ చేయవలెను, ఎట్లు పంపవలెను అను ఆలోచన ఆరంభించినది. ముందుగా ఆరోగ్య సిబ్బంది ఒక కోటి, పోలీసు, పారిశుద్ధ్య పనివారు మొదలగువారు రెండు కోట్లు, ఆపై ఏబది దాటినవారును, ఇతర జబ్బులున్నవారును 27 కోట్లు, వెరసి 30 కోట్ల మంది. పెద్ద వయసువారిని గుర్తించుటకు వోటర్ల జాబితా ఆధారము. ఎన్నికల బూతు వలెనే కేంద్రమునకు మూడు గదులు: వేచియుండుటకు ఒకటి, సూదికి ఒకటి, తరువాత అరగంట కూర్చుండుటకు ఒకటి. కేంద్రమునకు ఐదుగురు సిబ్బంది, రోజుకు నూరుమంది. మందు 2 నుండి 8 డిగ్రీల చలిలో ఉండవలెను, తెరచిన సీసా నాలుగు గంటలలో వాడవలెను. మాల్కోవాల్‌లో లోపించిన జాగ్రత్త ఇక్కడ గంటలతో సహా వ్రాయబడినది. పల్స్ పోలియో వలన చలిపెట్టెలు, ఆశా కార్యకర్తలు, ఇల్లిల్లు తిరుగు అలవాటు అప్పటికే సిద్ధముగా ఉండెను.

2020 డిసెంబరు 28, 29 తేదీలలో నాలుగు రాష్ట్రములలో మందు లేకుండ ఉత్తుత్తి టీకా నడిపి చూచినారు. వానిలో ఒకటి ఆంధ్రప్రదేశ్, జిల్లా కృష్ణా. సింధనూరు, మాన్వి తాలూకాలలో తుంగభద్ర ఎడమకాలువ క్రింద క్యాంపులు కట్టుకొన్న మన రైతులలో చాలమంది పెద్దలకు ఆ జిల్లాయే పుట్టిల్లు గనుక ఈ సంగతి వారికి ముచ్చటగా ఉండును.

2021 జనవరి 3న పూనా సీరం సంస్థ వారి కోవిషీల్డుకు, హైదరాబాదు భారత్ బయోటెక్ వారి కోవాగ్జిన్‌కు అనుమతి లభించినది. 12వ తేదీన పూనా నుండి మొదటి విడత విమానములలో బయలుదేరినది, 16న దేశమంతట టీకాలు ఆరంభమైనవి. (మన రైళ్ళకు ఆ సరుకు దక్కలేదు. ఏప్రిల్‌లో విశాఖ ఉక్కు కర్మాగారము నుండి ఆక్సిజన్ ట్యాంకర్లను మోసిన భాగ్యము మాత్రము దక్కినది.) మార్చి 1న అరువది దాటినవారికి, ఏప్రిల్ 1న నలుబదియైదు దాటినవారికి, మే 1న పదునెనిమిది దాటినవారందరికి అని వరుస విప్పుచు వచ్చినారు.

తప్పినది ఇక్కడనే. గూడ్సు షెడ్డులో ఒక నియమమున్నది. ఇండెంటు ముందుగా పెట్టనిదే వ్యాగను రాదు. కూలీలు, కాటాలు, రసీదు పుస్తకములు అన్నియు సిద్ధముగా ఉన్నను, వ్యాగను లేనిచో బస్తా కదలదు. జనవరి 11 నాటి మొదటి కొనుగోలు కోవిషీల్డు 1 కోటి 10 లక్షల మోతాదులు, కోవాగ్జిన్ 55 లక్షలు. మనిషికి రెండు చొప్పున ముప్పది కోట్ల మందికి కావలసినవి అరువది కోట్లు. బడ్జెటులో 35,000 కోట్ల రూపాయలు పెట్టినారు గాని, తయారీదారులకు పెద్ద ఆర్డరు సకాలములో పోలేదు. రోగము తగ్గినదని అందరమును నమ్మితిమి. మిత్రదేశములకు ఆరుకోట్లకు మించి మోతాదులు పంపినారు. అది తప్పని మేము అనము, ఇంటి ఇండెంటు కూడ అప్పుడే వేయవలసినదని మాత్రమే మా మాట. ఏప్రిల్, మే నెలలలో రెండవ ఉప్పెన వచ్చి, ఆసుపత్రులలో మంచములు లేక జనులు అల్లాడునప్పుడు మందు చాలకపోయినది.

మే 1 నుండి తయారైన దానిలో సగము మాత్రమే కేంద్రము కొనును, మిగిలినది రాష్ట్రములును ప్రైవేటు ఆసుపత్రులును కొనుక్కొనవలెనన్నారు. ఒకే కోవిషీల్డుకు కేంద్రమునకు 150 రూపాయలు, రాష్ట్రమునకు 300, ప్రైవేటుకు 600. ఒకే స్టేషనుకు ఒకే తరగతి టికెట్టుకు మూడు ధరలు ఎక్కడైన ఉండునా? రాష్ట్రములు గ్లోబల్ టెండర్లు పిలిచినవి. కేంద్రముతోనే గాని రాష్ట్రములతో బేరము లేదని విదేశీ కంపెనీలు కొన్ని చెప్పివేసినవి. కర్ణాటకలో మే మధ్యలో పదునెనిమిది నుండి నలుబదినాలుగు ఏండ్లవారి టీకాలు ఆపివేసినారు. మా ఈడువారందరము ఆ వరుసలోనివారమే.

ఆ వయసువారు మొదట ఫోనులో కోవిన్ అను దానియందు ముందుగా పేరు నమోదు చేసికొననిదే టీకా లేదు. అది మొదట ఇంగ్లీషున నడచినది. తెలుగు, కన్నడము తరువాత వచ్చినవి. క్యాంపులలో మన ఇంటి మాట తెలుగు, ఆఫీసు కాగితము కన్నడము, ఫోనులో ఇంగ్లీషు. చేతివేగమున్న పట్టణపు పిల్లలు పల్లెల కేంద్రములలోని చోట్లు కూడ పట్టుకొని, కార్లలో వచ్చి వేయించుకొని పోయిన ఉదంతములు దేశమంతట వినబడినవి. 1962లో పట్టికకు దొరకనివారు ఎవరో, 2021 మేలో ఫోనుకు దొరకనివారును వారే.

సుప్రీంకోర్టు మే 31 నాటి ఉత్తర్వులో ఈ డబ్బు టీకా విధానము పైకి చూడగనే నిర్హేతుకముగా ఉన్నదని ప్రశ్నించి, కొనుగోలు లెక్కలు చూపుమన్నది. జూన్ 7న ప్రధానమంత్రి విధానము మార్చినట్లు ప్రకటించినారు. జూన్ 21 నుండి కేంద్రమే నూటికి 75 వంతులు కొని ఉచితముగా ఇచ్చినది. కేంద్రము వద్దనే పేరు వ్రాయించుకొను వీలు కూడ కలిగినది. గుర్తింపు కార్డులు లేని సంచారులకు, బిచ్చగాండ్రకు, వృద్ధాశ్రమవాసులకు టీకా వేయు పద్ధతిని మే నెలలోనే వేరుగా వ్రాసినారు.

అటుపై పని చురుకుగా సాగినది. సెప్టెంబరు 17న ఒక్క దినమున రెండున్నర కోట్లు, అక్టోబరు 21 నాటికి నూరుకోట్లు. కాని నవంబరులో చూడగా రెండవ మోతాదు గడువు దాటినవారు పదికోట్లకు పైగా ఉన్నారు. ఇంటింట తలుపు తట్టుడని ఆ నెలలోనే మరియొక కార్యక్రమము పెట్టినారు. పొలములో పత్తి ఏరుచున్న కూలివద్దకు చలిపెట్టె భుజమున వేసికొని పోయినవారు నర్సులు, ఆశా కార్యకర్తలు. సూది వేసికొన్న జ్వరము వచ్చి రెండు రోజుల కూలి పోవునని వెనుదీసిన వానిని మూఢుడని కొట్టివేయరాదు. ఆ రెండు రోజుల కూలి ఎవరును ఏ పట్టికలోను వ్రాయలేదు. 2022 మార్చి 16 నుండి పన్నెండు, పదమూడు ఏండ్ల పిల్లలకు వేసిన కోర్బెవాక్స్ హైదరాబాదులోని బయోలాజికల్ ఇ సంస్థవారిది. 2022 జులై 17న మొత్తము రెండువందల కోట్ల మోతాదులు దాటినవి.

కోవిన్ పద్ధతిలోనే గర్భిణులకు, పసిబిడ్డలకు వేయు టీకాల కొరకు యు-విన్ అను లెక్కను 2023 జనవరిలో కొన్ని జిల్లాలలో ప్రయోగముగా పెట్టినారు. బిడ్డ ఒక ఊరిలో పుట్టి మరియొక ఊరిలో పెరిగినను, ఏ మోతాదు పడినది, ఏది మిగిలినది అను వివరము ఒకేచోట ఉండవలెనని దాని ఉద్దేశము. సుగ్గికి మన క్యాంపులకు వచ్చిపోవు కుటుంబములలో తల్లి ఫోను నెంబరు ఏడాదికొకటి మారుచుండును, కార్డు గుడిసె కప్పులో తడిసి పోవుచుండును. పనివారు క్యాంపులో దిగినప్పుడు ముఠాలో ఎన్ని తలలని మేస్త్రి వ్రాసికొను పుస్తకములోనే, ఎన్ని పసిబిడ్డలని ఒక గడి కూడ గీసి ఆశా కార్యకర్తకు చూపవచ్చునని మాకు తోచుచున్నది.