భివండీ గల్లీలు, వరద పటాలు

ఆపద వేళ పటం చూసి సాయాన్ని పంపే పద్ధతి భివండీకి ఆలస్యంగా, అరకొరగానే చేరింది. ఠాణే జిల్లాలోని ఈ మరమగ్గాల పట్టణానికి సిరిసిల్ల, నల్లగొండ వైపు నుంచి పద్మశాలీలు తరాలుగా వలస వచ్చారు. పద్మానగర్‌లో ఇప్పటికీ తెలుగు వినిపిస్తుంది. ఊరిని ఒరుసుకుంటూ కామ్‌వారీ నది పారుతుంది. భారీ వానకు సముద్రపు పోటు తోడైతే నీరు కిందికి పోయే దారి దొరకక నదీనాకా, ఈద్గా వైపు పల్లపు బస్తీల్లోకి ఎగదన్నుతుంది. కార్ఖానాల్లో సాంచాలు, అంటే మరమగ్గాలు, నేల మీదే ఉంటాయి కాబట్టి మోకాలి లోతు నీరు చాలు, మోటారు పాడై, బీముకు చుట్టిన నూలు పనికిరాకుండా పోవడానికి.

తెలుగు నేలలో పటం చూసి సాయం పంపే పద్ధతి చరిత్రకు ముందు 1977 నవంబరు 19 ఉంది. ఆ రాత్రి ఉప్పెన దివిసీమను ముంచెత్తి సుమారు పది వేల ప్రాణాలు తీసింది. ఏ ఊళ్ళు మిగిలాయో, ఏవి తుడిచిపెట్టుకుపోయాయో తేలడానికే రోజులు పట్టింది. హైదరాబాదులో జాతీయ రిమోట్ సెన్సింగ్ సంస్థ అప్పటికే మూడేళ్ళ క్రితం మొదలైనా, మన సొంత పూర్తిస్థాయి దూరసంవేదన ఉపగ్రహం ఐఆర్‌ఎస్-1ఎ పైకి వెళ్ళింది 1988లో. మబ్బు కమ్మిన రోజున మామూలు కెమెరా ఉపగ్రహానికి నేల కనబడదు. ఆ లోటు తీర్చింది రాడార్ ఉపగ్రహం. నిశ్చలంగా ఉన్న నీటి మీద పడ్డ రాడార్ తరంగం పక్కకు జారిపోయి ఉపగ్రహానికి తిరిగి రాదు. అందుకే బొమ్మలో నీరు నల్లగా ఉంటుంది. వరదకు ముందటి బొమ్మతో పోల్చి, కొత్తగా నల్లబడిన చోటును గ్రామాల హద్దుల మీద పరిస్తే, ఏ మండలానికి ముందు పడవలు పంపాలో అధికారులకు తెలుస్తుంది.

పొలాలకు చక్కగా సరిపోయే ఈ లెక్క ఇరుకు పట్టణంలో తప్పుతుంది. వీధిలోని నీటి మీద పడ్డ తరంగం పక్క గోడకు తగిలి తిరిగి వస్తుంది. మునిగిన గల్లీ నల్లగా కాక తెల్లగా మెరిసి, పొడిగా ఉన్నట్టు భ్రమ కలిగిస్తుంది. భివండీ లాంటి ఊళ్ళకు ఉపగ్రహ పటం ఒక్కటే చాలదని చెప్పడానికి ఇదే పెద్ద కారణం.

2005 జూలై 26న ముంబయి శాంతాక్రజ్‌లో ఒక్క రోజులో 944 మిల్లీమీటర్ల వాన పడింది. కల్యాణ్, బద్లాపూర్, భివండీ కూడా మునిగాయి. అప్పటికి ముంబయిలో వానను పసిగట్టే డాప్లర్ రాడార్ లేదు. వివరమైన సర్వే పటాలు సామాన్యులకు అందేలా జాతీయ పటాల విధానం ప్రకటించి రెండు నెలలే అయింది. ఆ ఏడాది డిసెంబరులోనే విపత్తు నిర్వహణ చట్టం వచ్చింది. 2009లో ఇస్రో భువన్ అనే ఆన్‌లైన్ పటాల వేదికను ప్రారంభించింది. మరుసటి ఏడు హైతీ భూకంపం తరువాత ప్రపంచం నలుమూలల నుంచి వాలంటీర్లు ఎవరైనా దిద్దగల ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ పటంలో ఆ దేశ రాజధాని వీధుల్ని కొద్ది రోజుల్లోనే గీసి సహాయక బృందాలకు అందించారు. వీధి పేరు స్థానికుల నోట, ఆకారం ఉపగ్రహం నుంచి: ఈ జోడింపే భివండీకి కావలసింది.

2020 జూన్‌లో ముంబయి కోసం ఐఫ్లోస్ అనే వరద హెచ్చరిక వ్యవస్థ మొదలైంది. వాన అంచనా, నాలాలు, పోటు అన్నిటినీ కలిపి, ఏ వార్డులో ఎంత లోతు నీరు నిలవవచ్చో ముందే చెప్పడం దాని పని. అది బృహన్ముంబయి వార్డుల కోసం తయారైంది. వాన మాత్రం నగరపాలక హద్దు చూసి ఆగదు. పక్కనే ఉన్న పేద పట్టణాన్ని ఆ పటం వెలుపల ఉంచడం న్యాయం కాదు.

భివండీకి రెండో ఆపద కూలే మేడలు. 2020 సెప్టెంబరు 21 తెల్లవారుజామున పటేల్ కాంపౌండ్‌లో జిలానీ భవనం కూలి సుమారు 40 మంది చనిపోయారు. జాతీయ విపత్తు స్పందన దళం, ఠాణే విపత్తు స్పందన దళం రాకముందే ఇరుగుపొరుగువారు కొందరిని బయటికి లాగారు. 2023 ఏప్రిల్ 29న వర్ధమాన్ కాంపౌండ్‌లో మరో భవనం కూలి 8 మంది పోయారు. అక్కడ కింద గోదాము, పైన కుటుంబాలు. ఇలాంటి చోట ఉపగ్రహం చూపేది పైకప్పు ఒక్కటే. శిథిలాల్లో ఎక్కడ తవ్వాలో తెలియాలంటే ఏ అంతస్తులో ఎందరు ఉంటారో, రాత్రి పాళీలో ఎవరు పనిచేస్తారో, సాంచాల మధ్యే ఎవరు పడుకుంటారో తెలియాలి. అద్దెలు, పాళీలు మారే ఊళ్ళో ఆ లెక్క ఇంటింటికీ తిరిగి రాసుకుంటేనే వస్తుంది. ఆ లెక్కను పటం మీదికి ఎక్కించే దారి మాత్రం తెరుచుకుంది: 2021 ఫిబ్రవరిలో కేంద్రం పటాల తయారీపై ఆంక్షలు చాలావరకు ఎత్తేశాక, దేశీయ సంస్థలు అనుమతుల కోసం ఆగకుండా గల్లీ స్థాయి పటాలు గీసే వీలు కలిగింది.