వర్షచ్ఛాయలో మరో దేశం

కుందుర్పికి వాన ఎందుకు దక్కదో ఇక్కడి బడిపిల్లలకు కూడా తెలుసు. నైరుతి మేఘాలు పడమటి కనుమల మీదే బరువు దించుకుంటాయి. ఆ కొండలు దాటి ఇటు వచ్చేసరికి మిగిలేది గాలే. అనంతపురం జిల్లాకు ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్లు పడితే అదే పదివేలు. పసిఫిక్ సముద్రం నడుమ ఉన్న ఫిజీలోనూ ఇదే జరుగుతుంది, దిక్కు మాత్రం తిరగబడుతుంది. ఆ దేశంలో పెద్ద దీవి వితి లెవు. దాని నడుమ కొండలున్నాయి. ఆగ్నేయం నుంచి వీచే గాలులు తూర్పు ఒడ్డున రాజధాని సువాను ఏటా 3,000 మిల్లీమీటర్ల దాకా తడుపుతాయి. పడమటి వైపున్న నాందీ, లౌటోకా, బా పట్టణాలకు అందులో సుమారు మూడింట రెండొంతులే చేరుతుంది. మన లెక్కలో అది కూడా వరదే అనుకోండి.

ఎండ బాగా కాసే ఆ పడమటి వైపే చెరకు పండింది. అంతర్జాతీయ విమానాశ్రయం, ఇసుక తీరాలు, ఖరీదైన హోటళ్లు వెలిసింది కూడా అటే. సెలవులు గడపడానికి వెళ్లినవాళ్లు మొదట కాలుపెట్టే ఆ నేల మీదే వందేళ్ల కిందట తెలుగు కూలీలు చెరకు నరికారు. ప్రయాణ ప్రకటనల్లో కొబ్బరిచెట్లే కనిపిస్తాయి గానీ ఈ సంగతి కనిపించదు.

ఫిజీలో 330కి పైగా దీవులున్నాయి. మనుషులు ఉండేది వాటిలో మూడోవంతు దీవుల్లోనే. 2017 జనాభా లెక్కల్లో దేశమంతా కలిపి తొమ్మిది లక్షలకు లోపే తేలారు. గడియారం మనకన్నా ఆరున్నర గంటలు ముందుంటుంది.

1874 అక్టోబరు 10న అక్కడి పెద్దలు తమ దీవులను బ్రిటిష్ రాణికి రాసిచ్చారు. మరుసటి ఏడాదే తట్టు అంటుకుని స్థానికులు వేల సంఖ్యలో పోయారు. గవర్నరుగా వచ్చిన ఆర్థర్ గోర్డన్, ఫిజీ వాళ్లను తోటల్లో కూలికి పెట్టకూడదని పట్టుబట్టాడు. వాళ్ల భూమి అమ్ముడు కాకుండా కూడా అడ్డుకట్ట వేశాడు. మంచి పనే. కానీ చెరకు నరకడానికి ఎవరో ఒకరు కావాలి కదా! అంతకుముందు ట్రినిడాడ్, మారిషస్‌లలో పనిచేసిన గోర్డన్‌కు ఆ కూలీలు ఎక్కడ దొరుకుతారో తెలుసు. 1879 మేలో లియోనిదాస్ అనే ఓడ కలకత్తా నుంచి మొదటి జట్టును తెచ్చింది. అప్పటికి మన సీమలో ధాత కరువు పోయి ఏడాదైనా కాలేదు. కుందుర్పి అప్పుడు బళ్లారి జిల్లాలో ఉండేది. అనంతపురం విడి జిల్లా అయింది 1882లో. ఫిజీ రాజధాని లెవుకా నుంచి సువాకు మారింది కూడా ఆ ఏడాదే.

మద్రాసు నుంచి కూలీలను ఎక్కించడం 1903లో మొదలైంది. 1916లో ఆఖరి ఓడ చేరేలోగా ఫిజీకి వెళ్లిన 60 వేల పైచిలుకు మందిలో దక్షిణాది వాళ్లు సుమారు 15 వేలు. తమిళులతో పాటు గోదావరి, కృష్ణా, విశాఖపట్నం జిల్లాల తెలుగువాళ్లు ఉన్నారు. ఉత్తర ఆర్కాటు జిల్లా నుంచి చాలామంది వెళ్లారు. ఇప్పటి చిత్తూరు 1911 దాకా ఆ జిల్లాలోదే. కాబట్టి సీమకూ ఫిజీకీ సంబంధం లేదనడానికి వీల్లేదు.

ఒప్పందాన్ని కూలీలు గిరిమిట్ అన్నారు. అయిదేళ్ల కట్టుబాటు అది. మగవాడికి రోజుకు ఒక షిల్లింగు, ఆడమనిషికి తొమ్మిది పెన్నీలు. అది కూడా అప్పగించిన పని పూర్తిచేస్తేనే. పని మిగిలితే కూలి కోత, పనికి రాకపోతే కోర్టు, జరిమానా, జైలు. ఉండడానికి ‘లైన్లు’ అనే బారు కొట్టాలు. పదడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు గదిలో ముగ్గురు ఒంటరి మగవాళ్లనో, పిల్లలతో సహా ఒక కుటుంబాన్నో ఉంచేవారు. వందమంది మగవాళ్లకు నలభైమంది ఆడవాళ్లను ఎక్కించాలన్నది నియమం. ఆ లెక్క లైన్లలో ఎన్ని కొట్లాటలకు, హత్యలకు, ఉరితాళ్లకు దారితీసిందో 1915లో అక్కడికి వెళ్లిన సి.ఎఫ్. ఆండ్రూస్, పియర్సన్ తమ నివేదికలో రాశారు. 1920 జనవరి 1న మిగిలిన ఒప్పందాలన్నీ రద్దయ్యాయి. పదేళ్లు ఉన్నవాళ్లకు తిరుగు ప్రయాణం ఉచితమే. అయినా సగానికి పైగా అక్కడే ఉండిపోయారు.

ఉండిపోయిన దక్షిణాది వాళ్లకు ఇంకో చిక్కు ఎదురైంది. అంతకుముందే వచ్చిన ఉత్తరాది వాళ్లకు వీళ్లంతా ‘మద్రాసీలు’. తోటలో, బజారులో ఫిజీ హిందీ లేనిదే మాట సాగదు. 1926లో నాందీలో సాధు కుప్పుస్వామి పూనికతో తెన్ ఇండియా సన్మార్గ ఐక్య సంగం ఏర్పడింది. తమిళం, తెలుగు, మలయాళం మాట్లాడేవాళ్లకు అదొక నీడ. 1939లో రామకృష్ణ మిషన్ నుంచి ఆ సంగం పనికి వచ్చిన స్వామి రుద్రానంద బడులతో ఆగలేదు. 1943 చెరకు రైతుల సమ్మెలో ఆయన రైతు నాయకుడు ఎ.డి. పటేల్‌తో కలిసి ముందు నిలిచారు. కాషాయం కట్టినాయన చెరకు ధర కోసం చక్కెర కంపెనీతో తలపడ్డారన్నమాట. 1941లో తెలుగువాళ్లు దక్షిణ ఇండియా ఆంధ్ర సంగం విడిగా పెట్టుకున్నారు. సంగం ఉంది, దాని బడులున్నాయి. ఇళ్లల్లో వినిపించే భాష మాత్రం ఫిజీ హిందీయే. సరిహద్దులో ఉండి ఒకే పూట తెలుగూ కన్నడమూ మాట్లాడే కుందుర్పి వాళ్లకు ఇదేమంత వింతగా తోచదు. అయితే ఇక్కడ రెండు భాషలూ బతికే ఉన్నాయి.

భూమి సంగతి వేరు. దేశంలో దాదాపు 90 శాతం నేల స్థానిక తెగలది, అమ్మడానికి లేదు. భారతీయ రైతు కౌలుదారే. 1976 చట్టం కింద నడిచిన కౌళ్ల గడువు తీరడం 1997 నుంచి మొదలైంది. అంతకుముందు 1987లో, ఆ తర్వాత 2000లో సైనిక కుట్రలు, తిరుగుబాట్లు. చెరకు వదిలి వేలమంది ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, కెనడా దారి పట్టారు. సీమ నుంచి బెంగళూరు బస్సెక్కేవాళ్లకు ఆ లెక్క వివరించనక్కర్లేదు.

వెళ్లాలనుకునేవాళ్లకు మే నుంచి అక్టోబరు అనువైన కాలం. నవంబరు దాటితే తుపాన్ల భయం. 2016 ఫిబ్రవరిలో విన్‌స్టన్ తుపాను 44 మందిని పొట్టన పెట్టుకుంది. మన దేశం నుంచి నేరుగా విమానం లేదు, సింగపూర్ లేదా హాంకాంగ్ మీదుగా వెళ్లాలి. స్థానికుల పల్లెలోకి అడుగుపెట్టేముందు ఊరిపెద్దకు, పానీయం చేసుకునే యంగోనా మొక్క వేళ్ల కట్ట ఇవ్వడం మర్యాద. టోపీ తీసెయ్యాలి, ఎవరి తలనూ తాకకూడదు.

నాందీలో శివసుబ్రహ్మణ్య స్వామి ఆలయాన్ని చూడకుండా రాకండి. ఇప్పటి రంగుల గోపురాల కట్టడం 1994లో తెరిచింది. సువాలో మారియమ్మ గుడిలో భక్తులు ఏటా నిప్పులు తొక్కుతారు. సువాకు దగ్గర్లో బెంగా దీవిలో ఫిజీ తెగవాళ్లు కాలిన రాళ్ల మీద నడుస్తారు. రెంటికీ చుట్టరికం లేదు. మొహర్రానికి గూగూడు కుళ్లాయిస్వామి అగ్నిగుండం చూసినవాళ్లు మాత్రం రెండుచోట్లా కాసేపు ఆగి చూడాలి.

తీరిక ఉంటే సువాలోని జాతీయ ప్రాచీన పత్ర భాండాగారానికి కూడా వెళ్లండి. ఓడెక్కిన మనిషి పేరు, తండ్రి పేరు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీది పుట్టుమచ్చ నమోదైన ఎమిగ్రేషన్ పాసులు అక్కడ ఉన్నాయి. గిరిమిట్ మనవలు, మునిమనవలు వాటిని పట్టుకుని మన జిల్లాల్లో ఊళ్లు వెతుక్కుంటున్నారు. తెలుగు ఊరి పేరు ఇంగ్లిషులోకి ఎక్కేసరికి ఎన్ని వంకర్లు పోతుందో మన పాత పటాలు చూసినవాళ్లకు తెలుసు. తాలూకా పేరు సరిగా పడితే ఊరు దొరుకుతుంది. అది కూడా తప్పితే చిత్తూరు వైపు పాత రెవెన్యూ గ్రామాల పట్టీ ముందు పెట్టుకుని ఒక్కో పేరూ పలికి చూడడమే దారి.