ఇంటర్న్‌షిప్ ఎక్కడ చేయాలి? శ్రీకాకుళం, విజయనగరం విద్యార్థులకు కలప రంగంలో దారులివీ

డిగ్రీ రెండో ఏడాది పరీక్షలు అయిపోయాయి. ఆన్‌లైన్‌లో ఏదో ఒక సర్టిఫికెట్ తెచ్చి ఇచ్చేద్దాం అనుకుంటున్నారా? ఒక్క నిమిషం ఆగండి. మీ ఊరికి దగ్గర్లోనే చేతికి పని నేర్పే రంగం ఒకటుంది. అదే కలప.

నిబంధన ఏం చెబుతోంది?

రాష్ట్రంలో 2020-21 నుంచి అమల్లోకి వచ్చిన డిగ్రీ సిలబస్‌లో మొత్తం 10 నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. మొదటి ఏడాది తర్వాత 2 నెలలు సామాజిక సేవా ప్రాజెక్టు, రెండో ఏడాది తర్వాత 2 నెలలు ఇంటర్న్‌షిప్, చివరి ఏడాదిలో ఒక సెమిస్టర్ పూర్తిగా పని అనుభవం. ఆ తర్వాత సిలబస్‌లో మార్పులు జరిగాయి. మీ బ్యాచ్‌కు ఏది వర్తిస్తుందో కాలేజీలో ముందే అడగండి.

కలప అంటే అడవి నరకడమేనా?

కాదు. మన తీరంలో కనిపించే సరుగుడు తోటలు నాలుగైదేళ్లలో కోతకు వస్తాయి. కోసిన చోటే మళ్లీ నాటుతారు. నీలగిరి, సుబాబుల్ కూడా పొలాల్లో పెంచేవే. ఇలా పెంచిన చెట్ల కలపను వృథా లేకుండా వాడటం, అది ఎక్కడి నుంచి వచ్చిందో రికార్డుతో చూపించడం ఇప్పుడు పెద్ద పని. ఇందుకోసం కేంద్రం 2023 డిసెంబరులో అటవీ, కలప ధ్రువీకరణ పథకాన్ని ప్రారంభించింది. చెట్టు నుంచి సరుకు దాకా లెక్క రాసే ఈ పనికి బీకాం విద్యార్థి కూడా పనికొస్తాడు.

ఎక్కడ అడగాలి?

• బొబ్బిలి పక్కన గొల్లపల్లి: పనస కలపతో వీణలు చేసే ఊరు. ఒకే మొద్దును తొలిచి చేసేది ఏకాండి వీణ. బొబ్బిలి వీణకు భౌగోళిక గుర్తింపు ఉంది.

• అనకాపల్లి జిల్లా ఏటికొప్పాక: అంకుడు కర్ర, లక్క, సహజ రంగులతో బొమ్మలు చేస్తారు. వీటికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇక్కడి సి.వి.రాజుకు 2023లో పద్మశ్రీ ప్రకటించారు.

• ఒడిశాలోని రాయగడ జిల్లా జేకేపూర్: పార్వతీపురం దాటి వెళ్లే రైలు మార్గంలోనే రాయగడ ఉంది. జేకేపూర్‌లో జేకే పేపర్ మిల్లు నడుస్తోంది.

• మీ ఊరి సామిల్లు, కలప అడితి, ఫర్నిచర్ యూనిట్.

చిన్న యూనిట్లలో మెయిల్ పెడితే జవాబు రాకపోవచ్చు. ప్రిన్సిపల్ లెటర్ పట్టుకుని నేరుగా వెళ్లి అడగండి.

ఏం నేర్చుకోవాలి?

వానాకాలంలో తలుపు బిగుసుకుపోవడం మీ ఇంట్లోనే చూసి ఉంటారు. కలప తేమను పీల్చి ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. అందుకే ఆరబెట్టడం మొదటి పాఠం. మీటర్‌తో తేమ కొలవండి. ఒక మొద్దు కోస్తే ఎంత పనికొచ్చింది, ఎంత పొట్టు అయిందో రోజూ రాసుకోండి. ఆ లెక్కే మీ ప్రాజెక్టు రిపోర్టు.

తర్వాత దారేంటి?

8వ తరగతి పాసైతే ఐటీఐలో ఏడాది కార్పెంటర్ ట్రేడ్ ఉంది. సైన్స్ డిగ్రీ ఉంటే దేహ్రాదూన్‌లోని అటవీ పరిశోధన సంస్థలో ఎమ్మెస్సీ వుడ్ సైన్స్ అండ్ టెక్నాలజీ చేయొచ్చు. బెంగళూరులోని కలప శాస్త్ర సాంకేతిక సంస్థ స్వల్పకాలిక శిక్షణలు ఇస్తుంది. ఉద్యోగాలు ప్లైవుడ్, ఎండీఎఫ్, కాగితం, ఫర్నిచర్ కంపెనీల్లో ఉంటాయి. శ్రీకాళహస్తి దగ్గర గ్రీన్‌ప్యానెల్ ఎండీఎఫ్ ప్లాంటు అలాంటిదే.

ఇంట్లో వడ్రంగం చేసేవారుంటే పీఎం విశ్వకర్మ గురించి చెప్పండి. శిక్షణలో రోజుకు రూ.500, పనిముట్లకు రూ.15,000 సాయం ఇస్తారు. 5 శాతం వడ్డీకి రుణం కూడా ఉంది. కుటుంబంలో ఒక్కరికే అవకాశం.

ఈ జాగ్రత్తలు మరవద్దు

• ఇంటర్న్‌షిప్ ఇస్తామని డబ్బు అడిగితే వెనక్కి వచ్చేయండి.

• అప్రెంటిస్‌షిప్ వేరు. 1961 చట్టం ప్రకారం ఒప్పందం రాసుకోవాలి, స్టైపెండ్ ఇవ్వాలి. ఇంటర్న్‌షిప్‌కు స్టైపెండ్ ఉందో లేదో చేరకముందే అడగండి.

• రంపం దగ్గర వదులు బట్టలు వద్దు. కళ్లద్దాలు, పొట్టు ధూళికి మాస్క్ తప్పనిసరి.

సర్టిఫికెట్ ఎవరైనా ఇస్తారు. రేపు ఇంటర్వ్యూలో “రెండు నెలలు ఏం చేశావు?” అని అడిగితే, చెప్పడానికి మీ దగ్గర ఒక పని ఉండాలి.